ఫిట్స్ మాత్రలు మధ్యలో ఎందుకు మానకూడదు?

మెదడులోని కణాలు చిన్న చిన్న విద్యుత్ సంకేతాలతో పనిచేస్తాయి. కొన్ని సంకేతాలు ఉత్తేజపరుస్తాయి, కొన్ని అణచి ఉంచుతాయి. ఈ సమతూకం తప్పి ఎన్నో కణాలు ఒక్కసారిగా సంకేతాలు పంపితే ఫిట్స్, అనగా మూర్ఛ, వస్తుంది. తలకు దెబ్బ, పుట్టినప్పుడు ఊపిరి అందకపోవడం, పక్షవాతం, బద్దెపురుగు గుడ్లు కడుపులోకి వెళ్ళి మెదడులో తిత్తులు కట్టడం వంటివి కారణాలు. కొందరిలో కారణం కనబడదు. ఇది గాలి సోకడం కాదు, శాపం కాదు, అంటువ్యాధి కాదు.

ఫెనిటోయిన్, కార్బమజెపిన్ మాత్రలు కణంలోకి సోడియం వెళ్ళే ద్వారాలను అదుపుచేసి, సంకేతాలు వెంటవెంటనే పుట్టకుండా ఆపుతాయి. 1912 నుండి వాడుకలో ఉన్న ఫినోబార్బిటోన్ అణచి ఉంచే సంకేతాలకు బలమిస్తుంది. రక్తంలో మందు తగినంత ఉన్నంతవరకే ఈ కాపుదల.

"ఆరు నెలలుగా రాలేదు", "ప్రార్థన చేయించాము" అని మాత్రలు ఆపి, మళ్ళీ ఫిట్స్‌తో వచ్చేవారిని మేము వార్డులో తరచుగా చూస్తున్నాము. హఠాత్తుగా ఆపితే ఫిట్స్ ఎడతెగక వచ్చి ప్రాణాపాయం కలుగవచ్చు. ప్రార్థన మానవద్దు, మాత్ర మానవద్దు. మందు కూడా దేవుని ఈవే. సాధారణంగా కనీసం 2 సంవత్సరాలు ఫిట్స్ రాకపోతేనే డాక్టరుగారు ఆలోచించి, మెల్లగా తగ్గిస్తారు. వాల్‌ప్రోయేట్ వాడే స్త్రీలు గర్భం రాకముందే డాక్టరుగారిని కలవాలి. అది కడుపులోని బిడ్డకు హాని చేయగలదు. అయినా సొంతంగా ఆపవద్దు.

ఫిట్స్ వచ్చినవారిని ఒక ప్రక్కకు తిప్పి పడుకోబెట్టండి. చేతిలో తాళాలు పెట్టి లాభం లేదు. నోటిలో ఏమీ పెట్టవద్దు. 5 నిమిషాలు దాటితే వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.