కణం తయారుచేసే లంగరు

ఆఫ్రికాలో అతినిద్ర వ్యాధి తెచ్చే ట్రిపనోసోమా పరాన్నజీవి ఒంటిమీద ఒకే రకం ప్రోటీన్ దాదాపు కోటి ప్రతులుగా పరుచుకుని ఉంటుంది. ప్రతి ప్రోటీన్‌నూ కణపొరకు పట్టి ఉంచేది కొవ్వు, చక్కెరలతో అల్లిన చిన్న గొలుసు. మైఖేల్ ఫెర్గుసన్, సహచరులు 1988లో దాని నిర్మాణాన్ని పూర్తిగా తేల్చారు. దాన్నే జీపీఐ లంగరు అంటారు. మన కణాల్లోనూ 150 దాకా ప్రోటీన్లు దీని మీదే నిలబడతాయి.

దీని తయారీ అంతర్జీవద్రవ్యజాలం పొరమీద జరుగుతుంది. ముందుగా ఇనోసిటాల్ కొవ్వుకు ఒక చక్కెర అతుక్కుంటుంది. తర్వాత అది పొర లోపలివైపుకు తిరిగి, మూడు మానోజ్ చక్కెరలనూ, ఇథనోలమైన్ ఫాస్ఫేట్‌నూ చేర్చుకుంటుంది. చివర్లో ట్రాన్స్‌అమిడేజ్ అనే ఎంజైమ్ ప్రోటీన్ తోక కోసి, అక్కడ లంగరు తగిలిస్తుంది. ఈ పనికి 20కి పైగా జన్యువులు కావాలి.

మొదటి మెట్టుకు అవసరమైన పిగ్-ఏ జన్యువును 1993లో ఒసాకాలో తారో కినోషిటా బృందం పట్టుకుంది. పుట్టాక ఎప్పుడో మూలుగలోని ఒక మూలకణంలో అది చెడితే పీఎన్‌హెచ్ అనే రక్తవ్యాధి రావచ్చు. ఈ లంగరు మీదే నిలబడే సీడీ55, సీడీ59 ప్రోటీన్ల రక్షణ లేని ఎర్రకణాలను మన కాంప్లిమెంట్ వ్యవస్థే పగలగొడుతుంది. ఇన్ని జన్యువులుండగా దాదాపు ఎప్పుడూ ఇదే ఎందుకు? ఇది ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంది. ఆడవారి కణంలోనైనా ఒక్క ఎక్స్ మాత్రమే పనిచేస్తుంది కనుక ఒక్క దెబ్బ చాలు. మిగతావాటిలో రెండు ప్రతులూ పాడవ్వాలి.

ఆ రెండూ పుట్టుకతోనే చెడి ఉన్న పిల్లల కథ వేరు. పిగ్-వీ జన్యువు లోపమే మాబ్రీ సిండ్రోమ్‌కు ఒక కారణమని 2010లో తేలింది. బుద్ధిమాంద్యం, మూర్ఛలు, రక్తంలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పెరగడం దాని గుర్తులు. లివర్ పరీక్షల రిపోర్టులో మనం రోజూ చూసే ఎంజైమే అది. దానికీ ఈ లంగరే ఆధారం. ఈ లోపంలో మొదటి మానోజ్ వరకూ చేరుతుంది కనుక ట్రాన్స్‌అమిడేజ్ తోక కోసేస్తుంది, తగిలించడానికి సరైన లంగరు దొరకదు. ఎంజైమ్ రక్తంలోకి జారిపోతుంది. నరకణాల దగ్గర అది లేకపోతే బి6 విటమిన్ లోపలికి వెళ్లే రూపంలోకి మారదు, నరాలను శాంతపరిచే గాబా తగ్గుతుంది. కొందరు పిల్లలకు పిరిడాక్సిన్ ఇస్తే మూర్ఛలు తగ్గడం అందుకే. మూర్ఛలున్న బిడ్డ రిపోర్టులో ఆ అంకె ఎక్కువగా ఉంటే కాలేయం, ఎముకల దగ్గరే ఆగిపోకూడదని నేను గట్టిగా అంటాను.

పిగ్-ఎం లోపంలో మాత్రం మానోజే చేరదు, తోక తెగదు, ప్రోటీన్ కణంలోనే నశిస్తుంది. రక్తంలో అంకె పెరగదు. ఈ లోపం 2006లో బయటపడిన కుటుంబాల్లో జన్యువు బాగానే ఉంది, దాన్ని పనిచేయించే మీట చెడింది. ఫినైల్‌బ్యూటిరేట్ అనే మందు ఆ మీటను మళ్లీ కదిలించింది. ఒక బిడ్డకు మూర్ఛలు ఆగిపోయాయి.

ఇలాంటి లోపాల్లో ఎక్కువ భాగం తల్లిదండ్రులిద్దరి నుంచీ రావాలి. మేనరికాలు ఉన్న మన కుటుంబాల్లో ఒకే మార్పు ఇద్దరిలోనూ ఉండే అవకాశం ఎక్కువ. అప్పుడు ప్రతి కాన్పులోనూ ముప్పు నాలుగింట ఒక వంతు. ఆ మార్పు ఏదో తెలిసిన కుటుంబం తర్వాతి గర్భంలో ముందే పరీక్ష చేయించుకోవచ్చు.