కత్తెర నోట్లో గంధకం

"పాము కరిస్తే బీపీ పడిపోతుంది కదా సార్, మరి బీపీ ఎక్కువున్నవాళ్లని కరిపిస్తే?"

తొమ్మిదో తరగతి వెనక బెంచీ కుర్రాడి ప్రశ్న. క్లాసంతా గొల్లుమంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ పొద్దున్నే మా అమ్మ చేతికిచ్చిన రామిప్రిల్ అనే బీపీ మాత్ర వంశవృక్షం సరిగ్గా ఆ ప్రశ్న దగ్గరే మొలిచింది. (కరిపిస్తే బీపీతో పాటు మనిషీ పోతాడని వాడికి ముందే చెప్పేశాను. ఈ కుర్రాళ్లని నమ్మలేం.)

ఆ మాత్రకి మూలమైన పాము బ్రెజిల్‌లోని జరారాకా, మన రక్తపింజరకి దూరపు చుట్టం. సావో పాలోలో రోషా ఇ సిల్వా, మరో ఇద్దరూ కలిసి 1948లో దాని విషాన్ని కుక్క రక్తంలో కలిపి చూశారు. అందులో పుట్టిన కొత్త పదార్థం తగలగానే గినీ పంది పేగు ముక్క నింపాదిగా ముడుచుకుంది. గ్రీకులో 'బ్రాడీ' అంటే నెమ్మది. అలా దానికి బ్రాడీకైనిన్ అని పేరు పడింది. రక్తనాళాలని వదులు చేసి రక్తపోటు దించేది అదే. కాకపోతే ఒంట్లో అది క్షణాల్లో ముక్కలైపోతుంది. అయినా కాటు దెబ్బ అంత గట్టిగా ఎలా తగులుతోంది? రోషా శిష్యుడు సెర్జియో ఫెరేరా 1965లో ఆ గుట్టు విప్పాడు. బ్రాడీకైనిన్‌ని ముక్కలవకుండా కాచే చిన్న పెప్టైడ్లు కూడా ఆ విషంలోనే ఉన్నాయి! వాటిని వెంటబెట్టుకుని లండన్‌లో జాన్ వేన్ ప్రయోగశాలకి వెళ్లాడు. అక్కడి పరిశోధకుడు బాఖ్లే వాటిని ఏసీఈ అనే ఎంజైము మీద ప్రయోగిస్తే, ఎంజైము పని ఆగిపోయింది.

ఏసీఈ ఒక కత్తెర అనుకోండి. పెప్టైడ్ అంటే అమైనో ఆమ్లాల పూసలు గుచ్చిన గొలుసు; దాని తోకనుంచి ఇది రెండు పూసలు తెంపుతుంది. పది పూసల యాంజియోటెన్సిన్‌ని ఎనిమిది పూసలకి కోస్తే, ఆ మిగిలిన గొలుసు రక్తనాళాలని బిగించేస్తుంది. నాళాలని వదులు చేసే బ్రాడీకైనిన్‌నీ ఇదే కత్తెర నరికేస్తుంది. దీని నోరు మూయిస్తే రెండువైపులా లాభమే.

అమెరికాలో స్క్విబ్ కంపెనీలో కుష్మన్, ఒండెట్టి ఇద్దరూ ఆ పని మీద కూర్చున్నారు. విషంలోని తొమ్మిది పూసల టెప్రోటైడ్ సూదిమందుగా బాగానే పనిచేసింది. మింగితే మాత్రం కందిపప్పులోని ప్రోటీన్‌ని అరిగించినట్టే పొట్ట దాన్నీ అరిగించేసింది. బీపీకి రోజూ సూది ఎవరు పొడిపించుకుంటారు? పని అటకెక్కింది.

1974లో వాళ్ల కంట ఒక పరిశోధనపత్రం పడింది. క్లోమరసంలోని మరో కత్తెరని ఒక బుల్లి అణువు ఎలా ఆపుతుందో అందులో ఉంది. ఆ కత్తెర తోకనుంచి ఒక్క పూసే తెంపుతుంది, దాని నోట్లో ఒక జింక్ పరమాణువు ఉంటుంది. ఏసీఈ కూడా అదే కమ్మరి కొలిమిలోది అయ్యుంటుందనీ, జింక్‌కీ తోక పట్టుకునే చోటికీ మధ్య ఒక పూసంత ఎడం ఎక్కువ ఉంటుందనీ వీళ్లు ఊహించారు. ఏసీఈ అసలు ఆకారం ఎవరికైనా కనబడింది 2003లో! వీళ్ల దగ్గరున్నది కాగితం మీద గీసుకున్న బొమ్మ మాత్రమే.

ఆ బొమ్మని బట్టి ఒక కొసన పాము పెప్టైడ్ చివరి పూస ప్రోలీన్‌ని ఉంచి, రెండో కొసన జింక్‌ని పట్టుకునేలా ఒక ఆమ్ల గుంపు తగిలించారు. కత్తెర ఆగింది, కానీ ఏదో మొహమాటానికి ఆగినట్టు. అప్పుడు ఆమ్ల గుంపు పీకేసి గంధకం-హైడ్రోజన్ జంటని పెట్టారు. జింక్‌కి గంధకమంటే ప్రాణం. పట్టు వెయ్యి రెట్లకి మించి బిగిసింది. అదే కాప్టోప్రిల్. తొమ్మిది పూసల్లో మిగిలింది ఒక్క ప్రోలీన్. 'పాము విషంతో బీపీ మాత్ర' అనే వార్త చూసినప్పుడల్లా అందుకే నాకు చిరాకు. మాత్రలో విషం చుక్కయినా ఉండదు.

మిగతా కథ చకచకా చెప్పేయొచ్చు. 1981లో అమెరికా అనుమతి దొరికింది. కొందరికి నాలుక రుచి పోయింది, దద్దుర్లొచ్చాయి. గంధకం మీద అనుమానంతో మెర్క్ కంపెనీ వాళ్లు అది లేకుండా ఎనలాప్రిల్ చేశారు. ఆ వరసలోదే మా అమ్మ వాడిన రామిప్రిల్. వాడిన అని ఎందుకంటున్నానంటే, నెల తిరక్కుండానే ఆవిడకి పొడిదగ్గు పట్టుకుంది. కత్తెర మూతపడ్డాక నరకబడని బ్రాడీకైనిన్ ఊపిరితిత్తుల్లో పేరుకుని కొందరిని ఇలా దగ్గిస్తుందంటారు. డాక్టరుగారు టెల్మిసార్టాన్‌కి మార్చారు. అది కత్తెర జోలికి పోదు, ఎనిమిది పూసల గొలుసు వచ్చి వాలే చోటుని ముందే ఆక్రమించి కూర్చుంటుంది.