బొప్పాయి పాలలోని కత్తులు

పచ్చి బొప్పాయి తొక్క మీద గోరు గీసుకుంటే చాలు, ఆ గీత పొడవునా తెల్లటి పాలు చుక్కలు చుక్కలుగా ఉబికి వస్తాయి. మొదట నీళ్లలా జారతాయి. చూస్తుండగానే చిక్కబడి, జిగురై, గాటు మీద అట్ట కడతాయి. తోటల్లో ఈ పాలు సేకరించేవాళ్లు పొద్దు పొడవకముందే కాయలకు సన్నటి గాట్లు పెడతారు. ఎండెక్కితే ధార తగ్గిపోతుంది. చేతికి తొడుగు లేకుండా ఆ పని చేస్తే వేళ్ల చర్మం మండిపోయి పొక్కులు లేస్తాయి. ఎందుకంటే ఆ తెల్లదనం నిండా కత్తులే.

ముదురు మాంసం ఎంతకీ ఉడకకపోతే ఓ పచ్చి బొప్పాయి ముక్క వెయ్యమని మన పెద్దవాళ్లు చెబుతారు. హైదరాబాద్‌లో కబాబులు చేసేవాళ్లు దాన్ని నూరి మాంసానికి పట్టిస్తారు. అందులో పనిచేసేది పపైన్ అనే ఎంజైము. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త వుర్ట్జ్ 1879లో దానికి ఆ పేరు పెట్టాడు. ప్రోటీన్లన్నీ అమైనో ఆమ్లాల గొలుసులే. పపైన్ కూడా 212 అమైనో ఆమ్లాలున్న గొలుసే. అది తనలాంటి గొలుసులనే నీటి అణువు సాయంతో పుటుక్కున తెంపుతుంది. అంత గొలుసులో అసలు పదును ఉన్నది 25వ స్థానంలోని సిస్టీన్ దగ్గర, దానికి తోడు నిలిచే 159వ స్థానంలోని హిస్టిడిన్ దగ్గర.

ఇంతకీ బొప్పాయి ఈ కత్తి ఎవరి మీద నూరుతోంది? దీనికి జపాన్‌లో కోతారో కొన్నో బృందం 2004లో చక్కటి జవాబు చూపించింది. వాళ్లు బొప్పాయి ఆకుల మీదకు ఎరి పట్టుపురుగులను వదిలారు. మన దగ్గర ఆముదం ఆకు మేసే పురుగే అది. మన రైతులను ఏడిపించే పొగాకు లద్దె పురుగునూ వదిలారు. కనిపించిన ఆకునల్లా మేసే పురుగు, దానికి కూడా బొప్పాయి ఆకు పడలేదు. కొన్ని ఎదగకుండా ఉండిపోయాయి, కొన్ని చచ్చిపోయాయి. తర్వాత ఆకులను సన్నని పేలికలుగా కోసి, పాలన్నీ పోయేలా కడిగి పెడితే ఆ విషం మాయమైంది. కడగకుండా, పపైన్‌లాంటి ఎంజైములను అడ్డుకునే ఇ-64 అనే పదార్థాన్ని ఆకు మీద పూసినా అంతే. ఆ ఇ-64 పుట్టింది ఒక బూజులో. చెట్టు నూరిన కత్తికి బూజు తయారుచేసిన ఒర సరిపోయిందన్నమాట! కోడిగుడ్డు తెల్లసొనలో సైతం పపైన్ పదునుకు అడ్డుపడే సిస్టాటిన్ అనే ప్రోటీన్ ఉంది.

నాకు ఈ కత్తుల కన్నా వాటి ఒరలే ఎక్కువ వింతగా తోస్తాయి. తన ఒంటినిండా ప్రోటీన్లే ఉన్న చెట్టు, ప్రోటీన్లను కోసే ఎంజైమును ఎలా మోస్తోంది? పాలనాళాల్లో ఉన్నంతసేపూ పపైన్ మీద అదనంగా మరో గొలుసు ముక్క కప్పుకుని ఉంటుంది. కాయకు గాటు పడి పాలు బయటికొచ్చాక కొద్ది నిమిషాల్లోనే ఆ ముక్క తెగి ఊడిపోతుంది. అప్పుడే పదును బయటపడుతుంది. కాయ పండి, గింజలు ముదిరి, పిట్టలు వచ్చి తినాల్సిన వేళకు పాలు చాలావరకు ఇంకిపోతాయి. మాంసానికి పండు కాకుండా పచ్చికాయే వాడడానికి కారణం ఇదే.

కత్తులు లేని మొక్కలు ఒరలనే ఆయుధాలు చేసుకున్నాయి. టమాటా ఆకును పురుగు కొరికితే, ఆ పురుగు పొట్టలోని ఎంజైములను కట్టిపడేసే నిరోధకాలు మొక్కలో తయారవుతాయి. కొరికిన ఆకులోనే కాదు, దూరంగా ఉన్న ఆకుల్లోనూ! అమెరికాలో గ్రీన్, రయాన్ అనే శాస్త్రవేత్తలు దీన్ని 1972లో ప్రకటించారు. 1990లో ఫార్మర్, రయాన్ ఇంకో అడుగు వేశారు. మూసిన గాజు గదిలో టమాటా మొక్క పక్కన సేజ్‌బ్రష్ అనే ఎడారి పొద కొమ్మలను ఉంచారు. ఆ కొమ్మల నుంచి గాలిలోకి వచ్చిన మిథైల్ జాస్మొనేట్ వాసన తగిలి, ఏ పురుగూ ముట్టని టమాటాలోనూ నిరోధకాలు పుట్టుకొచ్చాయి.

పప్పుధాన్యాల గింజలైతే పుట్టుకతోనే వీటిని దాచుకుంటాయి. కంది, శనగ, ఉలవ, సోయా అన్నిట్లోనూ ఉన్నాయి. నానబెట్టి, మొలకెత్తించి, మెత్తగా ఉడికిస్తే వాటి బలం చాలావరకు తగ్గుతుంది. ఉలవచారు కోసం ఉలవలను గంటల తరబడి ఉడికించే పద్ధతిలో రుచితోపాటు ఈ మేలూ ఉంది. ఈ పంటల గింజలు మేసే శనగపచ్చ పురుగుకు పొయ్యి లేదు. అందుకే అది మరో దారి పట్టింది. ప్రోటీన్లను కోసే ట్రిప్సిన్ అనే ఎంజైములో ఒక రకానికి గింజ అడ్డుపడితే, ఆ నిరోధకానికి లొంగని మరో రకం ట్రిప్సిన్‌ను పేగులోకి వదులుతుంది. ఆ రకాలకు జన్యువులు దాని దగ్గర బోలెడున్నాయి. కందికి అడవి చుట్టాలైన మొక్కల్లో ఈ పురుగును నిలువరించే నిరోధకాల కోసం పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధన సంస్థలో గాలించడం వెనుక ఉన్న కథ ఇది.

ఈ కత్తులు మన కడుపులోనూ ఉన్నాయి. క్లోమం ట్రిప్సిన్‌ను మొద్దుగానే తయారుచేసి పంపుతుంది. చిన్నపేగులోకి చేరాక అక్కడి ఎంటెరోకైనేజ్ అనే ఎంజైము దానికి పదును పెడుతుంది. దారిలో పొరపాటున ఏ కాస్త ట్రిప్సిన్ ముందే మేలుకున్నా పట్టి ఆపడానికి క్లోమం ఓ చిన్న నిరోధకాన్నీ తోడు పంపుతుంది. ఆ కాపలా తప్పితే క్లోమం తనను తానే అరిగించుకుంటుంది.

మన దేశంలో కొందరికి చిన్న వయసులోనే క్లోమంలో రాళ్లు కట్టి, విపరీతమైన కడుపునొప్పి, తర్వాత మధుమేహం వస్తాయి. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 2002లో ఈ రోగుల జన్యువులను పరీక్షించి చూశారు. ట్రిప్సిన్ జన్యువులో కాదు, ఆ నిరోధకం జన్యువులో తేడా కనిపించింది. గొలుసులో 34వ స్థానంలో ఆస్పరజిన్‌కు బదులు సెరిన్ ఉంది. అదే తేడా ఉండి కూడా ఆరోగ్యంగా తిరిగేవాళ్లున్నారు కాబట్టి దానికి మరేవో తోడవుతున్నాయని తెలుస్తోంది. 2006లో అలాంటి తోడు ఒకటి బయటపడింది. ట్రిప్సిన్‌ను వేళ కాకముందే లేపగల కాథెప్సిన్-బి జన్యువులోనూ ఈ రోగుల్లో మార్పులు కనిపించాయి. కాథెప్సిన్-బి పపైన్ వంశానికి చెందిన ఎంజైమే.

క్లోమం దెబ్బతిన్నవాళ్లకు డాక్టర్లు భోజనంతోపాటు ఎంజైముల గుళికలు ఇస్తారు. పంది క్లోమం నుంచి తీసిన ఎంజైములే అవి. వాటిమీది పూత జీర్ణాశయంలోని ఆమ్లానికి కరగదు, చిన్నపేగులోకి దిగాకే విచ్చుకుంటుంది.