కోరంగి నుంచి పోయినోళ్ల ఓటు

మన సిరోంచ కాడ ప్రాణహితను కలుపుకున్న గోదావరి పాయ ఒకటి కోరంగి దిక్కు పోయి సముద్రంల కలుస్తది. 19వ శతాబ్దంలో ఆ రేవు నుంచే మన తెలుగు కూలీలు చెరకు తోటల పనికి ఆఫ్రికా పక్కనున్న మారిషస్ దీవికి ఓడెక్కిన్రు. అక్కడ వాళ్లకు ‘కోరంగీలు’ అని పేరు పడ్డది. ఉగాదికి ఆ దేశమంతా సెలవు.

2024 నవంబర్ 10న అక్కడ ఎన్నికలు జరిగినయి. ప్రతిపక్షంలోని లేబర్ పార్టీ, ఎం.ఎం.ఎం., ఇంకో రెండు చిన్న పార్టీలు నవీన్ రామ్‌గులాం నాయకత్వంలో కూటమి కట్టినయి. ఒకదిక్కు ధరల మంట. ఇంకోదిక్కు ఫోన్ల సంభాషణల టేపులు బయటపడ్డయి. సర్కారు సోషల్ మీడియా బంద్ చేసి, జనం గోలకు వెంటనే ఎత్తేసింది. ఓట్లతో గెలిచే 62 సీట్లలో కూటమికి 60 వచ్చినయి. మిగిలిన 2 రోడ్రిగ్స్ దీవి పార్టీవి. పాలకపక్షం ఓట్లతో గెలిచింది సున్నా.

కొత్త సర్కారు తక్కువ జీతగాళ్లకు 14వ నెల బోనస్ ఇచ్చింది. (మనకు 12 నెలల జీతం టైముకు వస్తే అదే పండుగ!) అయితే 2025 జూన్ బడ్జెట్‌లో వృద్ధాప్య పెన్షన్ వయసును 60 నుంచి మెల్లమెల్లగా 65కు పెంచుతమన్నది. ఖజానా మీద భారమన్నది. కార్మిక సంఘాలు రోడ్డెక్కినయి. నడుము వంచి పని చేసినోళ్లకు ఆ ఐదేండ్లు ఎంతో, మన ఇండ్లల్ల ఏ ముసలాయనను అడిగినా చెప్తడు.