మీటరు కనిపిస్తే... స్విచ్చు గుర్తొస్తుంది!

విశాఖపట్నం ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సు దిగి నాలుగడుగులు వేస్తే ద్వారకానగర్. బ్యాంకు పరీక్షల కోచింగులు, గ్రూప్స్ కోచింగులు, పుస్తకాల దుకాణాలు, జిరాక్సు సెంటర్లు, పౌర గ్రంథాలయం... ఎటు చూసినా చదువే. ఉత్తరాంధ్ర పల్లెల నుంచి, గోదావరి జిల్లాల నుంచి కొలువు కలతో వచ్చిన కుర్రాళ్లూ అమ్మాయిలూ ఈ లేన్లలోని హాస్టళ్లలోనే ఉంటారు. కొంచెం ముందుకెళ్తే 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు, దాని వసతి గృహాలు. గదికో ఫ్యాను, ట్యూబ్‌లైటు, తలకో సెల్‌ఫోను ఛార్జరు, ఇద్దరికో ల్యాప్‌టాప్. వార్డెన్ కంట పడకుండా మంచం కింద ఓ హీటరు!

వీటన్నిటికీ కరెంటు బిల్లు ఎంతొస్తుంది? ఆ ప్రశ్నకు గదిలో ఉండేవాళ్లలో చాలామంది దగ్గర జవాబుండదు. వాళ్ల తప్పు కాదది. మీటరు ఎక్కడో మెట్ల కింద పెట్టెలో ఉంటుంది. బిల్లు యజమానికో, ఆఫీసుకో వెళ్తుంది. నెలకింత అని కట్టేశాక స్విచ్చు వేసినా ఆపినా జేబులో పైసా తేడా రాదు. ఇంటి దగ్గర ‘ఫ్యాను ఆపి రారా’ అని నాన్న కేకేస్తే పరుగెత్తిన పిల్లాడే, ఇక్కడ ఫ్యాను తిరుగుతుండగానే తాళం వేసి క్లాసుకు వెళ్లిపోతాడు. పిల్లాడు మారలేదు. లెక్క కనిపించడం మానేసిందంతే.

లెక్క చిన్నదే... కానీ!

పాత రకం సీలింగ్ ఫ్యాను సుమారు 75 వాట్లు తీసుకుంటుంది. ఖాళీ గదిలో 8 గంటలు తిరిగితే 0.6 యూనిట్. ‘ఓస్, అంతేనా!’ అనిపిస్తుంది. వంద గదుల హాస్టల్లో అందరూ అలాగే అనుకుంటే రోజుకు 60 యూనిట్లు, నెలకు 1,800 యూనిట్లు. మన థర్మల్ కేంద్రాల్లో ఒక యూనిట్ తయారీకి దాదాపు 700 గ్రాముల బొగ్గు కావాలి. అంటే ఎవరికీ గాలి తగలని ఆ ఫ్యాన్ల కోసం నెలకు 1,260 కిలోల బొగ్గు కాలిపోయినట్టు! మన బొగ్గులో దాదాపు మూడో వంతు బూడిదే. ఆ లెక్కన నాలుగు క్వింటాళ్లకు పైగా బూడిద మిగులుతుంది.

ఆ బూడిద ఎక్కడ పడుతుందో విశాఖ వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. పరవాడ దగ్గర ఎన్టీపీసీ సింహాద్రి కేంద్రంలో 2002లో మొదటి యూనిట్ మొదలైంది. ఇప్పుడు దాని సామర్థ్యం 2,000 మెగావాట్లు. గ్రిడ్‌లో కలిసిన కరెంటు ఏ కేంద్రానిదో తీగను చూసి చెప్పలేం. కానీ ఎక్కడ తయారైనా, బొగ్గు కాలిన చోట పొగా బూడిదా పక్క ఊళ్ల వాళ్లకే.

పందెం కట్టారు... గెలిచారు

మరి డబ్బు కట్టని విద్యార్థి చేత స్విచ్చు ఆపించేదెలా? అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని ఓబర్లిన్ కళాశాల 2005లో ఓ పందెం పెట్టింది. రెండు వారాల్లో ఏ హాస్టల్ ఎక్కువ కరెంటు ఆదా చేస్తుందో చూద్దామంది. రెండు హాస్టళ్లకు మాత్రం ఎప్పటికప్పుడు వాడకం కంప్యూటర్ తెర మీద కనిపించే ఏర్పాటు చేసింది. మిగతావాటికి వారానికోసారి మీటరు రీడింగ్ చెప్పింది. మొత్తం మీద వాడకం 32 శాతం తగ్గింది. క్షణక్షణం లెక్క కనిపించిన హాస్టళ్లలోనైతే ఏకంగా 55 శాతం! వారానికోసారి చూసినవాళ్లూ 31 శాతం తగ్గించారు. అంటే ఖరీదైన యంత్రాలు లేకపోయినా ఫర్వాలేదు, అంకె కళ్ల ముందుంటే చాలు.

లాస్‌ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్లు మరో చిత్రమైన సంగతి కనిపెట్టారు. ఆ పరిశోధన 2015లో అచ్చయింది. కుటుంబాలతో ఉండే విద్యార్థుల ఇళ్లలో కొందరికి ‘మీరు పొరుగువాళ్ల కంటే ఇన్ని డాలర్లు ఎక్కువ ఖర్చు చేశారు’ అని చెప్పారు. మరికొందరికి ‘మీ వాడకం వల్ల గాలిలో ఇంత కాలుష్యం కలిసింది, పిల్లలకు ఉబ్బసం లాంటి జబ్బులకు అదో కారణం’ అని చెప్పారు. డబ్బు మాట విన్నవాళ్లలో చెప్పుకోదగ్గ మార్పేమీ రాలేదు. ఆరోగ్యం మాట విన్నవాళ్లు 8 శాతం తగ్గించారు. చిన్నపిల్లలున్న ఇళ్లలో అది 19 శాతం.

మన హాస్టళ్లకు ఇందులో పాఠం ఉంది. ‘కరెంటు దండగ చేయకండి’ అని గోడకు బోర్డు తగిలిస్తే ఎవరూ చదవరు. ‘నిన్న మన అంతస్తు ఇన్ని యూనిట్లు వాడింది, దానికి ఇన్ని కిలోల బొగ్గు కాలింది’ అని రాస్తే మాత్రం చదువుతారు.

చీకటి విలువ తెలిసిన ఊరు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విరుచుకుపడ్డాక విశాఖ రోజుల తరబడి చీకట్లో గడిపింది. సెల్‌ఫోను ఛార్జింగ్ కోసం జనరేటర్ ఉన్న చోటల్లా జనం బారులు తీరారు. ఆ తరవాత నగరంలో 90 వేలకు పైగా వీధిదీపాలు ఎల్‌ఈడీలయ్యాయి. 2021లో సింహాద్రి జలాశయం మీదే 25 మెగావాట్ల తేలియాడే సౌర పలకలు వచ్చాయి. దీపాలు మార్చడం ప్రభుత్వం చేయగలదు. ఖాళీ గదిలో స్విచ్చు ఆపడం మాత్రం గదిలో ఉండేవాళ్ల చేతిలోనే ఉంది.

హాస్టళ్లలో ఇలా చేస్తే...

* అంతస్తుకో సబ్‌మీటరు పెట్టి, మెస్సు గుమ్మం దగ్గర ఓ పలక తగిలించాలి. ప్రతి ఆదివారం రీడింగ్ రాసి, ఉండేవాళ్ల సంఖ్యతో భాగించాలి. రాసే పని విద్యార్థులకే, వంతుల వారీగా అప్పగించాలి.

* అన్ని గదులూ ఒకేలా ఉండవు. పై అంతస్తులో ఎండ ఎక్కువ. కాబట్టి పక్కవాళ్లతో కన్నా, కిందటి వారం తమ లెక్కతోనే పోల్చుకోవడం న్యాయం.

* మిగిలిన డబ్బులో కొంత విద్యార్థులకే చెందాలి. ఆదివారం మెస్సులో ఓ ప్రత్యేక వంటకమైనా సరే. ఆదా అంతా యజమాని జేబులోకే పోతే ఉత్సాహం రెండో వారానికే చల్లారుతుంది.

* హీటరు 1,500 వాట్లు. 20 నిమిషాలకు అర యూనిట్. అదే కరెంటుతో 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు 55 గంటలు వెలుగుతుంది. పైగా హీటరుతో షాక్ భయం. అందరికీ కలిపి సోలార్ వాటర్ హీటరు ఉంటే దొంగచాటు హీటర్ల అవసరమే ఉండదు.

* యజమానులు ఫ్యాన్లు మార్చేటప్పుడు 30 వాట్ల బీఎల్‌డీసీ రకం కొంటే, రోజుకు 12 గంటల వాడకం మీద ఒక్కో ఫ్యానుకు నెలకు 16 యూనిట్లు మిగులుతాయి. ఏసీ గదుల్లో 24 డిగ్రీలు చాలు.

* ఆదా పేరుతో చదువుకునే దీపం ఆపించకూడదు. మెట్ల దగ్గర, బాత్‌రూముల దారిలో, ముఖ్యంగా అమ్మాయిల హాస్టళ్లలో చీకటి చేయకూడదు. తగ్గాల్సింది మనిషి లేని గదిలో వాడకమే.

నేడు ద్వారకానగర్ లేన్లలో చదువుతున్నవాళ్లే రేపు బ్యాంకు మేనేజర్లు, తహసీల్దార్లు, టీచర్లు. అప్పుడు వాళ్ల చేతి కింద ఒక గది కాదు, మొత్తం భవనాలే ఉంటాయి. హాస్టల్ మెస్సు గుమ్మం దగ్గర నేర్చిన లెక్క అక్కడా పనికొస్తుంది. ఈలోగా ఇంటి దగ్గరున్న అమ్మానాన్నలూ ఓ సాయం చేయొచ్చు. ఫోనులో ‘తిన్నావా, చదువుకున్నావా’ అని అడిగాక, ‘ఈ వారం మీ హాస్టల్ మీటరు ఎంత తిరిగింది?’ అనీ అడిగి చూడండి. జవాబు చెప్పడానికైనా పిల్లలు ఒకసారి మెట్లు దిగి ఆ పెట్టె తలుపు తెరుస్తారు.