చరస్

చరస్ అనునది గంజాయి మొక్క పూగుత్తుల నుండి వేరుచేసిన బంక. భారతదేశము, నేపాల్, పాకిస్తాన్ దేశాలలో చరస్ అనియు, అరబ్బు దేశాలలోను ఐరోపాలోను హషీష్ అనియు పిలువబడుతున్నది. అరబ్బీ భాషలో హషీష్ అనగా ఎండుగడ్డి. భారతదేశంలో దీని తయారీ, నిల్వ, రవాణా, అమ్మకము, వాడకము శిక్షార్హమైన నేరాలు.

ఒకే మొక్క, మూడు పదార్థాలు

గంజాయి మొక్క ఆకుల నుండి తయారుచేసేది భంగు. ఆడ మొక్కల ఎండిన పూగుత్తులు గంజాయి. ఆ గుత్తులపై నుండి తీసిన బంక చరస్. వార్తలలోను, సినిమాలలోను ఈ మూడింటినీ ఒకటిగా చెప్పుట కద్దు గాని, మత్తు బలంలోను, చట్టం విధించే శిక్షలోను వీటి మధ్య చాలా తేడా ఉన్నది.

ఆడ మొక్క పూగుత్తుల మీద, చుట్టూ ఉండే చిన్న ఆకుల మీద కంటికి కనిపించీ కనిపించనంత సన్నని గ్రంథిరోమములు ఉంటాయి. వాటి కొనలందు గుండుసూది తలవంటి బుడిపెలలో ఈ బంక ఊరుతుంది. మత్తు కలిగించే టెట్రాహైడ్రోకెనాబినాల్ (క్లుప్తంగా టీహెచ్‌సీ) పచ్చి మొక్కలో ఆమ్ల రూపంలో ఉంటుంది. ఆ రూపంలో అది మత్తును కలిగించదు. వేడి తగిలినపుడు బొగ్గుపులుసు వాయువును కోల్పోయి టీహెచ్‌సీగా మారుతుంది. టీహెచ్‌సీని శుద్ధరూపంలో వేరుచేసి, దాని నిర్మాణాన్ని 1964లో ప్రకటించినవారు ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు రాఫెల్ మెషూలమ్, యెహియెల్ గవోనీ.

తయారీ పద్ధతులు

ఇందులో రెండు సంప్రదాయాలు ఉన్నవి. హిమాలయ ప్రాంతాలలో, చేనిలో నిలిచియున్న పచ్చి మొక్కల పూగుత్తులను అరచేతుల మధ్య నలుపుతారు. చేతులకు అంటుకొన్న నల్లని బంకను గీరి ముద్ద చేస్తారు. రోజంతా నలిపినను దొరికే మంచి సరకు కొన్ని గ్రాములు మాత్రమే. హిమాచల్ ప్రదేశ్ రాష్ట్రం కుల్లు జిల్లాలోని మలాణా గ్రామము ఇందుకు పేరుపడినది. జమ్లూ దేవతను కొలిచే ఈ గ్రామస్థులకు కనాషీ అనే ప్రత్యేక భాష ఉన్నది. మొరాకోలోని రిఫ్ కొండలు, లెబనాన్‌లోని బెకా లోయ, ఆఫ్ఘనిస్తాన్‌లలో పద్ధతి వేరు: అక్కడ మొక్కలను ముందుగా ఎండబెట్టి, వస్త్రము లేక జల్లెడ మీద రాల్చి, రాలిన పొడిని అదిమి పలకలుగా చేస్తారు.

కలకత్తా వైద్య కళాశాల ఆచార్యుడు విలియం బ్రూక్ ఓషాగ్నెస్సీ 1839లో మరొక విధానమును వర్ణించెను. మధ్య భారతదేశంలోను, నేపాల్‌లోను వేసవిలో కొందరు తోలు దుస్తులు ధరించి గంజాయి చేలలో మొక్కలను బలంగా ఒరుసుకుంటూ పరుగెత్తేవారట. తోలుకు అంటిన బంకను తరువాత గీరి ఉండలు చుట్టేవారట.

ఆరుట, మాగుట

అప్పుడే తీసిన చరస్‌లో బంకతో పాటు మొక్క రసము, ఆకు తునకలు, చేతి చెమట కూడా ఉంటాయి. ఆరేకొలదీ తడి తగ్గి ముద్ద గట్టిపడుతుంది. గాలి తగిలిన పైభాగము నల్లబడుతుంది, లోపలి భాగము పచ్చదనము కలిసిన గోధుమ రంగులో ఉండిపోతుంది. సరిగా ఆరని ముద్దలో బూజు పడుతుంది. ఇది కంటికి కనబడని చోటనే, అనగా ముద్ద మధ్యలోనే, ఎక్కువగా ఉండుట ప్రమాదకరము. ఆస్పర్జిల్లస్ జాతి బూజులు రోగనిరోధక శక్తి తగ్గినవారి ఊపిరితిత్తులలో తీవ్రమైన వ్యాధిని కలిగించగలవు.

పాతబడిన చరస్ బలమైనదని వాడుకరులలో ఒక నమ్మకము ఉన్నది. రసాయన శాస్త్రము దీనిని సమర్థించదు. గాలి, వెలుతురు, వేడి వలన టీహెచ్‌సీ క్రమంగా కెనాబినాల్‌గా మారుతుంది. దానికి మత్తు గుణము చాలా తక్కువ. దీనికొక చిత్రమైన చరిత్ర కూడా ఉన్నది. 1896లో కేంబ్రిడ్జిలో వుడ్, స్పైవీ, ఈస్టర్‌ఫీల్డ్ అనే శాస్త్రవేత్తలు భారతదేశపు చరస్ నుండి ఎర్రని నూనెవంటి పదార్థమును వేరుచేసి, మత్తుకు మూలము అదేనని భావించి కెనాబినాల్ అని పేరు పెట్టిరి. ఆ పేరు నిలిచిన పదార్థము టీహెచ్‌సీ శిథిలమైనపుడు పుట్టేదే గాని మూలపదార్థము కాదని తరువాతి కాలంలో తేలినది.

చరిత్ర

బ్రిటిష్ కాలంలో పంజాబులో వాడిన చరస్ అధికభాగము చైనీస్ తుర్కిస్తాన్‌లోని యార్కండ్ నుండి కనుమలు దాటి లేహ్ మీదుగా వచ్చేది. ప్రభుత్వము దానిపై సుంకము వసూలు చేసేది. 1893లో నియమింపబడిన భారత గంజాయి పదార్థాల విచారణ సంఘము దాదాపు 1,200 మంది సాక్షులను విచారించి 1894లో నివేదిక ఇచ్చినది. మితమైన వాడకము వలన చెప్పుకోదగ్గ హాని లేదని, పూర్తి నిషేధము తగదని, పన్నులు, లైసెన్సుల ద్వారా అదుపు చేయుట మేలని సంఘము అభిప్రాయపడినది. ఆనాటి పరిశోధన పరిమితులను దృష్టిలో ఉంచుకొనే ఈ మాటను చదువవలెను. మానసిక వ్యాధులతో ఎక్కువ మోతాదు టీహెచ్‌సీకి గల సంబంధమును గురించిన అధ్యయనాలు ఆ తరువాత వచ్చినవే.

నేపాల్ రాజధాని ఖాట్మండులో 1973 వరకు చరస్ దుకాణాలు లైసెన్సులతో నడిచేవి. దేవ్ ఆనంద్ 1971లో తీసిన హిందీ చిత్రము "హరే రామ హరే కృష్ణ" ఆ నగరంలోని హిప్పీల నేపథ్యముతో వచ్చినదే.

చట్టం

1961 నాటి ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల ఒప్పందము గంజాయిని, దాని బంకను అత్యంత కఠినమైన నాలుగవ షెడ్యూలులో కూడా చేర్చినది. 2020 డిసెంబరు 2న 27-25 ఓట్ల తేడాతో ఆ షెడ్యూలు నుండి తొలగించిరి. భారతదేశము తొలగింపునకు అనుకూలంగా ఓటు వేసినది. ఒకటవ షెడ్యూలులో మాత్రము ఇవి కొనసాగుచున్నవి.

భారతదేశంలో అమలులో ఉన్నది 1985 నాటి మాదకద్రవ్యాలు, మానసిక ప్రభావ పదార్థాల చట్టము. బంకను ఏ రూపంలో వేరుచేసినను, ముడిగా ఉన్నను, శుద్ధి చేసినను, అది ఈ చట్టము ప్రకారము చరసే. హషీష్ నూనె కూడా ఇందులోనిదే. విడి ఆకులు, గింజలు మాత్రము గంజాయి నిర్వచనంలోనికి రావు. భంగు కొన్ని రాష్ట్రాలలో లైసెన్సు దుకాణాలలో దొరకుటకు కారణము ఇదే.

శిక్ష తూకమును బట్టి ఉంటుంది. గంజాయికి కిలో వరకు "స్వల్ప పరిమాణము", 20 కిలోలు దాటితే "వాణిజ్య పరిమాణము". చరస్‌కు ఈ హద్దులు 100 గ్రాములు, ఒక కిలో. స్వల్ప పరిమాణమునకు ఒక సంవత్సరము వరకు, మధ్యస్థమునకు పది సంవత్సరాల వరకు, వాణిజ్య పరిమాణమునకు పది నుండి ఇరవై సంవత్సరాల వరకు కఠిన కారాగార శిక్ష విధింపవచ్చును. వాణిజ్య పరిమాణము కేసులలో బెయిలు దొరకుట కూడా కష్టము. కల్తీ కలిపిన సరకులో కల్తీ బరువును కూడా లెక్కలోనికి తీసుకొనవలెనని 2020లో హీరాసింగ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. కావున సగము పిండి కలిసిన ముద్ద పట్టుబడినను మొత్తము తూకమే లెక్కకు వస్తుంది.

తెలుగు ప్రాంతాలలో

తెలుగునాట చేతితో నలిపి చరస్ తీసే సంప్రదాయము ప్రసిద్ధము కాదు. ఇక్కడి సమస్య గంజాయి సాగు, దాని నుండి తీసే నూనె. పూర్వపు విశాఖ ఏజెన్సీలో, అనగా 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో, ఒడిషా సరిహద్దు వెంబడి గంజాయి సాగు విస్తరించినది. ఇక్కడి ఒక రకమునకు "శీలావతి" అని వాడుక పేరు. 2021 చివరలో ఆంధ్రప్రదేశ్ పోలీసులు "ఆపరేషన్ పరివర్తన" పేరుతో తోటలను నరికించిరి. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి సమీపాన కోడూరు వద్ద సుమారు 2 లక్షల కిలోల గంజాయిని తగులబెట్టిరి.

నూనెను సీసాలలో దాచి తెచ్చుట సులువు కనుక హైదరాబాదు వంటి నగరాలకు దాని రవాణా పెరిగినది. మోతకూలికి ఒప్పుకొన్నవారికి చాలాసార్లు తెలియని సంగతి ఒకటున్నది: గంజాయి మూటకు వర్తించే 20 కిలోల హద్దు సీసాలోని నూనెకు వర్తించదు.