సమ్మతి లేని విలీనం

ఒక దేశం పొరుగునున్న భూభాగాన్ని తనలో కలుపుకున్నట్టు ప్రకటించినంత మాత్రాన ఆ విలీనం పూర్తి కాదు. అందుకు సైన్యం, అధికార యంత్రాంగం, కొత్త పటం ఎంత అవసరమో ఇతర దేశాల అంగీకారమూ అంతే అవసరం. ఆ అంగీకారం చాలాసార్లు ఒక్క రోజున ఒక్క సంతకంతో రాదు, వాణిజ్య ఒప్పందాల్లోనూ ఓడల సరుకు పత్రాల్లోనూ కాన్సులేట్ల ప్రారంభోత్సవాల్లోనూ కొద్దికొద్దిగా పోగుపడుతుంది. ఆఫ్రికా వాయవ్య తీరాన అట్లాంటిక్ సముద్రాన్ని ఆనుకొని ఉన్న పశ్చిమ సహారా గత యాభై ఏళ్లుగా ఈ ప్రక్రియనే అనుభవిస్తోంది. విస్తీర్ణంలో అది 2,66,000 చదరపు కిలోమీటర్లు, అంటే విభజనకు ముందటి ఆంధ్రప్రదేశ్ కంటే కాస్త చిన్నది. జనాభా మాత్రం 1974లో స్పెయిన్ జరిపిన లెక్కల ప్రకారం దాదాపు 74 వేలే. ఆ కొద్దిమందిని వారి నేల గురించి వారి ఇష్టమేమిటని నేటికీ ఎవరూ ఓటు రూపంలో అడగలేదు.

ఇక్కడ రెండు మాటల మధ్య తేడాను స్పష్టం చేసుకోవాలి. ఒక సైన్యం పరాయి భూభాగాన్ని తన అదుపులోకి తెచ్చుకోవడం ఆక్రమణ. ఆ భూభాగం ఇక శాశ్వతంగా తనదేనని ప్రకటించి తన చట్టాలను, తన పౌరసత్వాన్ని అక్కడికి విస్తరించడం విలీనం. 1907 నాటి హేగ్ నిబంధనలు, 1949 నాటి నాలుగో జెనీవా ఒప్పందం ఆక్రమణను తాత్కాలిక స్థితిగా మాత్రమే గుర్తించాయి; ఆక్రమించిన దేశం తన సొంత పౌరులను అక్కడికి తరలించడాన్ని జెనీవా ఒప్పందం నిషేధించింది. విలీనానికి అసలు తావే లేకుండా చేసింది 1945 నాటి ఐక్యరాజ్య సమితి నియమావళి. ఏ దేశపు ప్రాదేశిక సమగ్రతపైనా బలప్రయోగం చేయరాదని అందులోని రెండో అధికరణ చెబితే, బలంతో గానీ బెదిరింపుతో గానీ పొందిన భూభాగాన్ని ఎవరూ చట్టబద్ధమైనదిగా గుర్తించరాదని 1970లో సర్వప్రతినిధి సభ చేసిన 2625వ తీర్మానం విడమరచింది. గుర్తించకపోవడాన్ని ఒక విధిగా భావించే సంప్రదాయం అంతకు ముందే, 1932లో, మంచూరియాలో జపాన్ బలంతో తెచ్చిన మార్పులను గుర్తించబోమని అమెరికా విదేశాంగ మంత్రి హెన్రీ స్టిమ్సన్ ప్రకటించినప్పుడు మొదలైంది. బలవంతుడిని బయటికి నెట్టే శక్తి చట్టానికి లేనప్పుడు, అతని చేతిలో ఉన్నదానికి హక్కు పత్రం ఇవ్వకుండా ఆపడమొక్కటే దానికి మిగిలిన ఆయుధమని ఆ సంప్రదాయం గ్రహించింది.

అంతవరకూ స్పెయిన్ వలసగా ఉన్న పశ్చిమ సహారాను 1975లో ఆక్రమించడం మొదలుపెట్టిన మొరాకో, తన చర్యను విలీనంగా ఎన్నడూ ఒప్పుకోలేదు. తెగిపోయిన అవయవాన్ని తిరిగి అతికించుకున్నామన్నది దాని వాదన. ఈ వాదనను తేలిగ్గా కొట్టివేయడం సరికాదు, ఎందుకంటే ఫ్రాన్స్, స్పెయిన్ తమ సౌకర్యం కోసం గీసిన సరళరేఖలు ఉత్తర ఆఫ్రికాలో ఎన్నో పాత సంబంధాలను తెంపాయి. పైగా, 1956లో స్వతంత్రమైన మొరాకోకు స్పెయిన్ 1958లో టర్ఫాయాను, 1969లో ఇఫ్నీని తిరిగి అప్పగించింది కూడా. అయితే ఇఫ్నీ విషయంలో మొరాకోతో మాట్లాడి అధికారం బదిలీ చేయమని స్పెయిన్‌కు చెప్పిన సర్వప్రతినిధి సభ, అవే తీర్మానాల్లో సహారా విషయంలో అక్కడి ప్రజల మధ్య ప్రజాభిప్రాయ సేకరణ జరపమని విడిగా చెప్పింది. చుట్టూ ఒకే దేశం ఉన్న చిన్న వలస స్థావరానికి, తనదైన జనసమాజం ఉన్న విశాల భూభాగానికి మధ్య తేడాను సమితి గమనించింది. 1961 డిసెంబరులో భారత సైన్యం గోవాలో ప్రవేశించినప్పుడు భద్రతా మండలిలో జరిగిన వాదోపవాదాలు ఎరిగిన భారతీయ పాఠకులకు ఈ తేడా ముఖ్యమైనది. అక్కడా బలప్రయోగం జరిగింది, పాశ్చాత్య దేశాలు ఖండించాయి, సోవియట్ యూనియన్ వీటోతో తీర్మానం వీగిపోయింది. కానీ గోవా ఇఫ్నీ కోవకు చెందినది, 1974 చివర పోర్చుగల్ సైతం భారత సార్వభౌమత్వాన్ని ఒప్పందపూర్వకంగా అంగీకరించడంతో ఆ వివాదం చట్టపరంగా ముగిసింది. పశ్చిమ సహారాలో అలాంటి ముగింపు రాలేదు.

చరిత్ర వాదనను న్యాయస్థానం ముందుకు తీసుకువెళ్లింది మొరాకోయే. ఆ దేశం, మౌరిటానియా పట్టుబట్టడంతో సర్వప్రతినిధి సభ 1974లో అంతర్జాతీయ న్యాయస్థానాన్ని సలహా కోరింది. స్పెయిన్ రాకముందు సహారా ఎవరికీ చెందని నేలా, కాకుంటే ఈ రెండు పక్షాలతో దానికి ఎలాంటి చట్టబద్ధ సంబంధాలు ఉండేవి అన్నవి ఆ ప్రశ్నలు. సంచార తెగల్లో కొన్ని మొరాకో సుల్తానుకు బైఆ, అంటే మతపరమైన రంగు కూడా కలిసిన విధేయతా ప్రమాణం, చేసిన మాట నిజమేనని, పన్ను కట్టే మైదానాలకూ నామమాత్ర విధేయత చూపే ఎడారికీ మధ్య సుల్తాను అధికారం ఒకేలా ఉండేది కాదని విచారణలో వెల్లడైంది. 1975 అక్టోబరు 16న వెలువడిన అభిప్రాయం, అది ఎవరికీ చెందని నేల కాదని ఏకగ్రీవంగా తేల్చింది; కొన్ని తెగలకూ సుల్తానుకూ విధేయతా బంధం ఉండేదని, కానీ అది ప్రాదేశిక సార్వభౌమత్వం కాదని, ప్రజల స్వయంనిర్ణయాధికారాన్ని అడ్డుకోగల బంధమేదీ కనబడలేదని నిర్ధారించింది. నేల తన ప్రజల గతిని నిర్ణయించడం కాదు, ప్రజలే ఆ నేల గతిని నిర్ణయించాలన్న భావాన్ని అమెరికన్ న్యాయమూర్తి హార్డీ డిలార్డ్ తన ప్రత్యేక అభిప్రాయంలో వ్యక్తం చేశారు. వ్యక్తికీ రాజుకూ మధ్య ఉన్న విధేయత భూమికి హక్కు పత్రం కాజాలదన్న ఈ నిర్ధారణ, రాజరికాలు ఏలిన ప్రతి ప్రాంతానికీ వర్తించే సూత్రం.

అదే రోజు మొరాకో రాజు రెండో హసన్ ఆ అభిప్రాయం తమకు అనుకూలమేనని చెప్పుకుంటూ, 3,50,000 మంది నిరాయుధ పౌరులు సరిహద్దు దాటుతారని ప్రకటించారు. 1971లో, 1972లో తన ప్రాణాల మీదికి వచ్చిన రెండు సైనిక కుట్రల నుంచి తప్పించుకున్న రాజుకు, సైన్యాన్ని రాజధానికి దూరంగా నిలపగల, ప్రతిపక్షాలను సైతం సింహాసనం వెనక నిలబెట్టగల లక్ష్యం అవసరమైంది. నవంబరు 6న ఖురాన్ ప్రతులు, జెండాలు చేతబట్టుకొని హరిత యాత్ర కదిలింది. ప్రపంచం చూసింది దాని ఛాయాచిత్రాలనే, కానీ అంతకు ముందే, అక్టోబరు చివరినే, మొరాకో సైనిక దళాలు ఈశాన్యం నుంచి ప్రవేశించాయి. అదే ఏడాది మే నెలలో అక్కడ పర్యటించిన సమితి బృందం, ప్రజల్లో అత్యధికులు స్వాతంత్ర్యాన్నే కోరుతున్నారని నివేదించిన సంగతిని ఆ ఛాయాచిత్రాలు మరుగుపరిచాయి.

మాడ్రిడ్‌లో నియంత ఫ్రాంకో మృత్యుశయ్యపై ఉండగా, నవంబరు 14న స్పెయిన్ ఆ ప్రాంత పాలనను మొరాకో, మౌరిటానియాలతో పంచుకునే ఒప్పందం చేసుకుంది. బూ క్రా ఫాస్ఫేట్ గనుల సంస్థలో 35 శాతం వాటా తన వద్దే ఉంచుకుంది. ఆ ఒప్పందం సార్వభౌమత్వాన్ని బదిలీ చేయలేదని, వలస పాలకుడు తన బాధ్యతను తానుగా మరొకరికి అప్పగించలేడని 2002లో సమితి న్యాయ వ్యవహారాల అధిపతి హాన్స్ కోరెల్ భద్రతా మండలికి తెలిపారు. పశ్చిమ సహారా ప్రజలైన సహ్రావీల విమోచన ఉద్యమంగా 1973లో పుట్టిన పోలిసారియో ఫ్రంట్ 1976 ఫిబ్రవరి 27న సహ్రావీ అరబ్ ప్రజాస్వామిక గణతంత్రాన్ని ప్రకటించింది. బాంబు దాడుల నడుమ వేలాది కుటుంబాలు అల్జీరియాలోని టిండూఫ్ ఎడారికి తరలిపోయాయి. మౌరిటానియా 1979లో యుద్ధం నుంచి తప్పుకోగానే దాని వంతును కూడా మొరాకో ఆక్రమించింది. 1980 దశకంలో సుమారు 2,700 కిలోమీటర్ల పొడవైన ఇసుక గోడ కట్టి, దాని వెంట మందుపాతరలు పాతి, ఐదింట నాలుగు వంతుల భూమిని తన వైపు మిగుల్చుకుంది.

ఈ కథలో అన్నిటికంటే బాధాకరమైన అధ్యాయం యుద్ధానిది కాదు, ఓటర్ల జాబితాది. 1991 ఏప్రిల్‌లో భద్రతా మండలి 690వ తీర్మానంతో ‘మినుర్సో’ను ఏర్పాటు చేసింది, ప్రజాభిప్రాయ సేకరణ జరపడమే ఆ సంస్థ పేరులోనూ ఉన్న పని. సెప్టెంబరు 6న కాల్పుల విరమణ అమలైంది, 1992 జనవరిలో ఓటింగ్ జరగాలి, స్వాతంత్ర్యమా మొరాకోలో చేరికా అన్నవి రెండే ఎంపికలు. 1974 నాటి లెక్కల్లో ఉన్నవారికే ఓటు ఉండాలని పోలిసారియో, ఆ తెగలతో రక్తసంబంధం ఉన్న వేలమందికి అదనంగా ఇవ్వాలని మొరాకో పట్టుబట్టాయి. తెగ పెద్దలను ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఒక్కొక్క దరఖాస్తుదారు తాత ముత్తాతల పేర్లను, మేత భూములను మౌఖికంగా విచారించి గుర్తించే పని ఏళ్ల తరబడి సాగింది. 2000 జనవరికి 86 వేలకు పైగా పేర్లతో తాత్కాలిక జాబితా సిద్ధం కాగానే, మొరాకో వైపు నుంచి లక్షా ముప్పై వేలకు పైగా అప్పీళ్లు వచ్చాయి. అప్పీళ్ల పేరుతో ఓటింగ్ వాయిదా పడింది, వాయిదా మెల్లగా రద్దుగా మారింది. ఐదేళ్ల స్వపరిపాలన తర్వాత, మొరాకో నుంచి వచ్చి స్థిరపడినవారికి కూడా ఓటిచ్చి సేకరణ జరపాలని అమెరికా మాజీ విదేశాంగ మంత్రి జేమ్స్ బేకర్ 2003లో ప్రతిపాదిస్తే, పోలిసారియో ఒప్పుకుంది, మొరాకో తిరస్కరించింది. తాను తరలించిన జనం కూడా తనకే ఓటేస్తారన్న నమ్మకం లేని ప్రభుత్వం చరిత్ర వాదనను ఎంత గట్టిగా వినిపించినా దానికి విలువ ఉండదు. పోలిసారియో తప్పులు కూడా చిన్నవి కావు. కాల్పుల విరమణ తర్వాత పద్నాలుగేళ్లకు, 2005లో గానీ చివరి 404 మంది మొరాకో యుద్ధఖైదీలను అది విడిచిపెట్టలేదు. కానీ నాయకత్వపు నేరాలు ఒక ప్రజాసమూహపు హక్కును రద్దు చేయలేవు.

ఇదంతా అనివార్యమేమీ కాదనడానికి తూర్పు తిమోర్ సాక్ష్యం. 1975 డిసెంబరు 7న, సహారా ఆక్రమణ మొదలైన కొద్ది వారాలకే, ఇండోనేషియా ఆ పోర్చుగీసు వలసలోకి సైన్యాన్ని దింపి, మరుసటి ఏడాది దాన్ని తన 27వ రాష్ట్రంగా ప్రకటించింది. ఆస్ట్రేలియా చమురు నిక్షేపాల మీద ఆశతో ఆ విలీనాన్ని గుర్తించి, 1989లో సముద్ర గర్భాన్ని పంచుకునే ఒప్పందం కూడా చేసుకుంది. అయినా స్వయంపాలన లేని ప్రాంతాల సమితి జాబితాలో తిమోర్ పేరు చెరగలేదు, పాత పాలకుడైన పోర్చుగల్ చేతులు దులుపుకోలేదు. 1998లో సుహార్తో పతనమయ్యాక దొరికిన చిన్న అవకాశం అప్పటికి సజీవంగా ఉన్న చట్టపరమైన ప్రశ్నను అందుకోగలిగింది. 1999 ఆగస్టులో 78 శాతానికి పైగా ఓటర్లు స్వాతంత్ర్యాన్ని ఎంచుకున్నారు, 2002 మే 20న కొత్త దేశం ఏర్పడింది. గుర్తించకపోవడం ఉత్త లాంఛనమనేవారు ఈ ఇరవై నాలుగేళ్ల నిరీక్షణను లెక్కలోకి తీసుకోవాలి.

సహారా విషయంలో ఆ నిరాకరణ గోడే ఇప్పుడు బీటలు వారుతోంది. 2020 డిసెంబరు 10న అమెరికా అధ్యక్షుడు ట్రంప్, మొరాకో ఇజ్రాయెల్‌తో సంబంధాలు నెలకొల్పుకోవడానికి ప్రతిగా, ఆ ప్రాంతంపై మొరాకో సార్వభౌమత్వాన్ని గుర్తించారు. మూడో దేశంతో స్నేహానికి వెలగా నాలుగో ప్రజల నేలను చెల్లించిన లావాదేవీ అది. 2022లో స్పెయిన్, 2024లో ఫ్రాన్స్, 2025లో బ్రిటన్ మొరాకో 2007లో ప్రతిపాదించిన స్వయంప్రతిపత్తి పథకం వైపు మొగ్గాయి. పశ్చిమ సహారా నగరాలైన ఎల్ ఆయూన్‌లో, దఖ్లాలో కాన్సులేట్లు వెలిశాయి.

రాయబారులు వదులుకున్న సూత్రాన్ని న్యాయస్థానాలు నిలబెట్టాయి. పశ్చిమ సహారా మొరాకో నుంచి వేరైన, భిన్నమైన ప్రాంతమని, దాని ప్రజల సమ్మతి లేకుండా యూరోపియన్ యూనియన్ ఒప్పందాలు అక్కడికి వర్తించవని ఆ కూటమి న్యాయస్థానం 2016లో తేల్చింది. స్థానికులను సంప్రదించామన్న సాకును 2024 అక్టోబరు 4న తోసిపుచ్చుతూ, సంప్రదింపు వేరు, సమ్మతి వేరని, నేడు అక్కడ నివసిస్తున్న జనాభా వేరు, స్వయంనిర్ణయాధికారం గల ప్రజలు వేరని స్పష్టం చేసింది. అక్కడ పండిన ఖర్బూజాలు, టమాటాల మీద పుట్టిన చోటు పశ్చిమ సహారా అని రాయాలని కూడా ఆదేశించింది. 2017లో దక్షిణాఫ్రికాలోని పోర్ట్ ఎలిజబెత్ రేవులో, బూ క్రా ఫాస్ఫేట్ నింపుకొని న్యూజిలాండ్ వెళుతున్న చెర్రీ బ్లాసమ్ నౌకను కోర్టు నిలిపివేసింది. ఆ సరుకుపై మొరాకో పక్షానికి హక్కు లేదని మరుసటి ఏడాది తీర్పు వచ్చింది.

ఫాస్ఫేట్ ప్రస్తావన భారతదేశాన్ని ఈ చర్చలోకి తెస్తుంది. కృష్ణా డెల్టాలోనైనా కరీంనగర్ పొలాల్లోనైనా రైతు దుక్కిలో వేసే డీఏపీకి ముడిసరుకైన రాతి ఫాస్ఫేట్, ఫాస్ఫారిక్ ఆమ్లం కోసం భారత్ దిగుమతులపైనే ఆధారపడుతుంది, ఆ సరఫరాదారుల్లో మొరాకో ముఖ్యమైనది. మొరాకో ఉత్పత్తిలో బూ క్రా వంతు చిన్నదే, ఖురీబ్గా వంటి గనులు మొరాకో సొంత భూమిలోనే ఉన్నాయి. కనుక గనిని బట్టి కొనుగోలును వేరుచేయడం అసాధ్యమేమీ కాదు. వలస పాలన నుంచి విముక్తిని తన విదేశాంగ విధానానికి పునాదిగా చెప్పుకున్న భారత్, 1985లో సహ్రావీ గణతంత్రాన్ని గుర్తించి, 2000లో ఆ గుర్తింపును ఉపసంహరించుకుంది. వ్యూహాత్మక లెక్కలు మారవచ్చు, కానీ బలంతో పటాలు మార్చరాదన్న సూత్రం తన సరిహద్దుల విషయంలో భారత్‌కు ఎంత విలువైనదో ఆలోచిస్తే, ఆ నిర్ణయం పార్లమెంటులోనూ పత్రికల్లోనూ మరింత చర్చకు నోచుకోవలసింది.

2025 అక్టోబరు 31న భద్రతా మండలి ఆమోదించిన 2797వ తీర్మానం, మొరాకో స్వయంప్రతిపత్తి పథకాన్నే చర్చలకు ప్రాతిపదికగా పేర్కొంది; పదకొండు దేశాలు అనుకూలంగా ఓటేశాయి, రష్యా, చైనా, పాకిస్తాన్ తటస్థంగా ఉన్నాయి, అల్జీరియా ఓటింగ్‌లో పాల్గొనలేదు. అయినా ఆ తీర్మానం సార్వభౌమత్వాన్ని మొరాకోకు అప్పగించలేదు, స్వయంనిర్ణయాధికారం అన్న మాటను తొలగించలేదు. అంతకు మించి, 2007 నాటి పథకంలోనే ఒక నిబంధన ఉంది: స్వయంప్రతిపత్తి శాసనాన్ని సంబంధిత జనాభా ముందు స్వేచ్ఛాయుత ప్రజాభిప్రాయ సేకరణకు పెట్టాలన్నది దాని సారాంశం. ఆ సంబంధిత జనాభా అంటే 1974 లెక్కల్లో ఉన్నవారి వారసులా, టిండూఫ్ శిబిరాల్లో పుట్టి పెరిగిన రెండు తరాలా, 1975 తర్వాత ఉత్తరం నుంచి వచ్చి ఎల్ ఆయూన్‌లో ఇళ్లు కట్టుకున్నవారా అన్నది ముందుగా తేలాలి. ఓటు పత్రంపై స్వాతంత్ర్యం కూడా ఒక ఎంపికగా ఉంటుందా, లేక స్వయంప్రతిపత్తికి ఔననో కాదనో చెప్పే వీలు మాత్రమే ఉంటుందా అన్నది ఆ తర్వాత తేలాలి. చర్చలు ఎక్కడ మొదలైనా ఈ రెండు ప్రశ్నలకు జవాబు సహ్రావీల ప్రతినిధుల సంతకంతోనే రావాలి.